శెట్టి లారీ లైట్లు, ఓబులేసన్న కళ్లు

పోయిన నెలలో మా ఆవిడ పోరు పడలేక నంద్యాలలో కళ్ల పరీక్షకు పోయాను. గడ్డం ఆనించమన్న చోట ఆనించాను. మిషన్ వెనకాల కూర్చున్న అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. రెండు నిమిషాలు చూసి, కాగితం మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే "తాతా, ఇంక చీకటి పడినాక బండి తోలొద్దు" అంది. అంతే, తర్వాతి మనిషిని పిలిచింది. బయటికొచ్చాక మా ఆవిడది ఒకటే గొణుగుడు. మొహం కూడా చూడకుండా అంత మాట ఎట్లా అంటుంది, పెద్ద మనిషని కూడా లేకుండా, అని. ఆటో ఎక్కాక నా వైపు తిరిగి "నీకు కోపం రాలేదా?" అని అడిగింది. రాలేదని చెప్పాను. ఆ అమ్మాయి నాకంటే చాలా నయం. కనీసం మిషన్ సరిగ్గా పెట్టి చూసింది. ఆ వయసులో నేను అది కూడా చేయకుండా ఒక మనిషికి చూపు పోయిందని చెప్పాను. అది కూడా ఆయన ఎదురుగానే, ఆయనను పనిలో పెట్టుకున్న యజమాని ముందు.

అప్పట్లో నేను మా పెదనాయన ఇంట్లో ఉండేవాణ్ణి. ఆయన పేరు దేవదానం. నంద్యాలలో ఆళ్లగడ్డ పోయే రోడ్డు పక్కన, లారీలు ఆగే చోట ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. లారీలకు, బస్సులకు లైట్లు, హారన్లు, సెల్ఫు, బ్యాటరీ, కరెంటుకు సంబంధించిన పనులన్నీ చేసేవాడు. షెడ్డు వెనకాలే ఇల్లు, మధ్యలో ఒక తడిక. తడికకు ఒక వైపు బ్యాటరీ ఆసిడ్డు, కాలిన వైర్లు, సోల్డరింగ్ పేస్టు పొగ, రెండో వైపు జొన్నరొట్టె, ఎర్రగడ్డ కారం. రెండు వాసనలూ కలిసే నా ముక్కుకు ఎక్కాయి, అందుకే ఇప్పటికీ ఎక్కడైనా సోల్డరింగ్ పేస్టు కాలితే నాకు ఆకలి వేస్తుంది. పెద్దమ్మ సుగుణమ్మ ఎలిమెంటరీ బడిలో టీచరు. తెల్లవారకముందే లేచి రొట్టెలు తట్టి, మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసి, తొమ్మిదింటికల్లా గొడుగు తీసుకుని బడికి బయల్దేరేది. పెదనాయన చొక్కాలన్నిటికీ ఆసిడ్డు చిల్లులే. సూదిలో ఏ రంగు దారం ఉంటే ఆ రంగుతో వాటిని కుట్టేసేది. చర్చికి తొడుక్కునే ఒక్క తెల్ల చొక్కాను మాత్రం ట్రంకులో దాచి, దానితో తడిక దాటకూడదని కట్టడి చేసింది. ఒక ఆదివారం ఆరాధన అయి వస్తూనే ఎవరో బస్సు హారను మోగడం లేదంటే పెదనాయన దానితోనే బానెట్టులోకి వంగాడు. చొక్కాకు మూడు చిల్లులు పడ్డాయి. పెద్దమ్మ ఆయనతో నాలుగు రోజులు మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా పొద్దున ప్రార్థనలోనే చెప్పేది. "ప్రభువా, చెప్పిన మాట వినే బుద్ధి ఈ ఇంట్లో వాళ్లకు దయచేయి" అనేది. పెదనాయన తల వంచుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పేవాడు.

పని చేయడంలో పెదనాయనకు ఒక పద్ధతి ఉండేది. లారీ వచ్చి ఆగితే ఆయన లారీ వైపు చూసేవాడు కాదు. డ్రైవరును పిలిచి, టీ తెప్పించి, బల్లలా వేసుకున్న పాత బస్సు సీటు మీద కూర్చోబెట్టి "చెప్పప్పా, మొదట్నుంచి చెప్పు" అనేవాడు. మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పడం ఉంటుంది. దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెబుతారు, మధ్యలో ఎవరూ అడ్డం మాట్లాడకూడదు. పెదనాయన దాన్నే షెడ్డుకు తెచ్చుకున్నాడు. డ్రైవరు చెబుతుండగా క్లీనరు గాని, ఓనరు గాని నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆపి, "ఆయప్ప సాక్ష్యం కానీ" అనేవాడు. అంతా విన్నాక మూడే ప్రశ్నలు అడిగేవాడు. "ఎప్పుడు? యాడ? ఏం తొక్కినప్పుడు?" వాటికి జవాబు దొరికాకే సామాన్ల పెట్టె తెరిచేవాడు. కొందరు డ్రైవర్లు అత్తగారింటి గొడవల నుంచి మొదలుపెట్టేవాళ్లు. ఆయన అదీ వినేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఎందుకంటే నేను ఐటీఐ చదివి వచ్చినవాణ్ణి. నేను బాగా చదువుతానని మా సారు కరెంటు కొలిచే తన పాత మీటరు నాకిచ్చాడు. నల్ల పెట్టె, అద్దం వెనక సన్నటి ముల్లు, ఎరుపొకటి నలుపొకటి రెండు వైర్లు. దాన్ని మెడలో వేసుకుని తిరిగేవాణ్ణంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది. పెదనాయన దగ్గర మీటరు లేదు. పాత హెడ్లైటు బల్బుకు రెండు వైర్లు అతికించుకుని, దాంతోనే అన్నీ చూసేవాడు. అది ఎంత గట్టిగా వెలిగితే కరెంటు అంత బాగున్నట్టు. నేను దానికి గుడ్డి దీపమని పేరు పెట్టి, ఆయన లేనప్పుడు క్లీనర్ల ముందు ఎగతాళి చేసేవాణ్ణి. బండిలో ఏం పాడైందో బండినే అడగాలి గాని డ్రైవరునెందుకు అడగడం అనేది నా సిద్ధాంతం.

ఆ ఏడు దసరా అయిన కొన్నాళ్లకు పెదనాయనకు కామెర్లు వచ్చాయి. పాణ్యం దగ్గర మా పల్లెలో పసరు మందు పోసే ముసలాయన ఉన్నాడని మా నాయన వచ్చి తీసుకుపోయాడు. ఉప్పూ కారం లేని తిండి, నెల రోజుల పథ్యం. షెడ్డు నా చేతికొచ్చింది. పోతూ పోతూ పెదనాయన నాకేమీ చెప్పలేదు. పెద్దమ్మ మాత్రం రోజూ బడికి పోయే ముందు తడిక దగ్గర ఆగి, "మనుషులతో మంచిగా మాట్లాడు నాయనా" అనేది. బేరం చెడగొట్టుకోవద్దని చెబుతోంది కాబోలు అనుకునేవాణ్ణి.

అప్పుడొచ్చింది రంగయ్య శెట్టి లారీ. శెట్టికి ఆళ్లగడ్డలో చెనక్కాయలు, బియ్యం వ్యాపారం. ఆ లారీ అప్పటికే పాతది, ముందు వైపు మూతి పొడుచుకు వచ్చిన రకం. శెట్టి దాన్ని కొన్న నాటి నుంచీ దానికి ఒక్కడే డ్రైవరు, శిరివెళ్ల ఓబులేసన్న. యాభై దాటిన బక్కపల్చటి మనిషి. తలకు తువ్వాలు, కాళ్లకు టైరు చెప్పులు. క్యాబిన్‌లోకి ఎక్కేటప్పుడు ఆ చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవాడు. దసరా ఆయుధ పూజకు అందరూ లారీలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తారు. శెట్టి అంతటితో ఆగేవాడు కాదు, ఏటా కొత్త రంగు వేయించేవాడు. బాడీకి పెయింటర్లు వేసేవాళ్లు. కింద లారీని మోసే ఇనుప చట్రానికి, అదే చాసీకి మాత్రం ఓబులేసన్న ఎవర్నీ చేయి పెట్టనిచ్చేవాడు కాదు. మూడు రోజులు లారీ కింద గోనెపట్ట పరుచుకుని పడుకుని తానే వేసుకునేవాడు. ఆయుధ పూజ నాడు ఆ లారీని చూడడానికి ఆళ్లగడ్డలో జనం ఆగేవాళ్లని చెబుతారు.

ఆ రోజు మాత్రం లారీ ముందు బంపరు వంగి, ఒక పక్కంతా ఎండిన బురద కొట్టుకుని వచ్చింది. చెనక్కాయల మూటలతో వస్తుండగా, సందెవేళ శిరివెళ్ల అవతల రోడ్డుకు ఎనుము, అదే గేదె, అడ్డమొస్తే, ఓబులేసన్న బ్రేకు వేశాడు. లారీ రోడ్డు దిగి గుంతలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎనుము కూడా బాగానే పోయింది. మూటలు మాత్రం బురదలో దొర్లాయి. ఓబులేసన్న నా దగ్గరికొచ్చి, అలవాటు ప్రకారం బస్సు సీటు మీద కూర్చోబోయాడు. నేను అప్పటికే బానెట్టు ఎత్తేశాను.

"అప్పా, లైట్లు మామూలుగా వెలుగుతాయి. బ్రేకు తొక్కితే చాలు, పండుకుంటాండాయి. హారను కొట్టినా అంతే" అన్నాడు.

"బ్రేకు లైటు వైరు వేరు, హెడ్లైటు వైరు వేరు అన్నా. ఇది తొక్కితే అది ఎట్ల పోతాది?"

"అది నాకు తెల్దప్పా. తొక్కి చూస్తే నీకే తెలుస్తాది. నేనెక్కి తొక్కుతా, నువ్వు ముందర నిలబడు."

నిలబడలేదు. మిట్టమధ్యాహ్నం. స్విచ్చి వేస్తే రెండు లైట్లూ వెలిగాయి. ఎండలో అవి ఎంత వెలుగుతున్నాయో ఎవరికి తెలుస్తుంది? సెల్ఫు కొడితే ఇంజను టక్కున లేచింది, కాబట్టి బ్యాటరీ బాగుంది. బల్బులు ఊడదీసి హోల్డర్లలో మీటరు వైర్లు పెట్టాను. రెండు వైపులా ముల్లు పన్నెండు వోల్టుల మీద, అంటే ఉండాల్సిన చోటే నిలబడింది. స్విచ్చి విప్పి చూశాను, ఫ్యూజులు చూశాను. ఎక్కడ పెట్టినా పన్నెండే. ఆ ముల్లు అంత నిటారుగా నిలబడితే నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఓబులేసన్న నా వెనకాలే తిరుగుతూ ఇంకో రెండు సార్లు అడిగాడు. "ఒక్కసారి బ్రేకు తొక్కుతానప్పా." నేను వినిపించుకోలేదు.

సాయంత్రం శెట్టి బస్సు దిగి వచ్చాడు. ఆయన చెడ్డ మనిషి కాదు, వ్యవధి లేని మనిషి. "ఏమప్పా, లైట్లు బాగుండాయా లేదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు.

"బాగుండాయి" అన్నాను.

"మరి ఈయన కనపడలేదంటాడే?"

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. తెలియదంటే సరిపోయేది. కానీ మెడలో మీటరుంది కదా. "లైట్లలో ఏమీ లేదు. రేచీకటేమో, ఆయప్ప కళ్లు చూపించండి" అన్నాను.

ఓబులేసన్న నన్నొకసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, మళ్లీ తలకు చుట్టుకుని, తాళం తెచ్చి శెట్టి చేతిలో పెట్టాడు. శెట్టి ఆయనను తీసేయలేదు. "ఇన్నేండ్లు చేసినావు, అంగట్లో కాటా కాడ కూచో ఓబులేసూ, లారీ వేరేవాడు తోల్తాడులే" అన్నాడు. లారీని మరుసటి రోజు ఎవరినో పంపి తెప్పించుకుంటానని నాకు చెప్పాడు, ఇద్దరూ కలిసే బస్టాండుకు నడిచిపోయారు. నేను నా మీటరును మెత్తని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నాను.

నెల దాటాక పెదనాయన వచ్చాడు. మనిషి సగమయ్యాడు, కళ్లు మాత్రం పచ్చదనం పోయి తెల్లబడ్డాయి. వచ్చిన రెండో రోజే శెట్టి లారీ మళ్లీ షెడ్డు ముందు ఆగింది. దిగినవాడు మద్దిలేటి, ఉయ్యాలవాడ కుర్రాడు. పాతికేళ్లవాడు, ఆకాశంలో గద్దను చూసి ఆడదో మగదో చెప్పేలా ఉన్నాడు. పెదనాయన టీ తెప్పించి, సీటు మీద కూర్చోబెట్టి, "చెప్పప్పా, మొదట్నుంచి" అన్నాడు.

"చెప్పేదేముంది మేస్త్రీ. లైట్లు వెలుగుతాయి. బ్రేకు తొక్కితే పండుకుంటాండాయి. హారను కొట్టినా అంతే."

మాటకు మాట అదే. నా చేతిలో స్పానరు ఉంది, అది ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు. వాడి కళ్లూ పోయాయని చెప్పడానికి లేదు. పెదనాయన మూడు ప్రశ్నలూ అడిగి, లేచి, మద్దిలేటిని క్యాబిన్ ఎక్కమని, టార్పాలిన్ పట్ట తెప్పించాడు. లారీ మూతి మీద కప్పించి, నేలదాకా దించి, తాను లోపలికి దూరి, నన్నూ దూరమన్నాడు. పట్టపగలు అందులో చిమ్మచీకటి. పాత తారు వాసన. "స్విచ్చి వెయ్" అని అరిచాడు. లైట్లు వెలిగాయి. "బ్రేకు తొక్కు." రెండు లైట్లూ పసుపుబారి, ఎర్రబడి, చివరికి బల్బులో కాలుతున్న సన్న తీగ ఒక్కటే మిగిలింది. "వదులు." మళ్లీ వచ్చాయి. "హారను." హారను గొంతు పట్టినట్టు గురగురమంది, లైట్లు వణికాయి. ఆ చీకట్లో పెదనాయన మొహం నాకు కనపడలేదు. అది నా అదృష్టం.

"నీ మీటరేమన్నాది?" అన్నాడు.

"పన్నెండు."

"బల్బు పీకి పెట్టినావా, బల్బు ఉండంగా పెట్టినావా?"

"పీకి."

"బల్బు పీకితే దానికి పనేముంది నాయనా? మూట నెత్తిన పెట్టకుండా బలం చూసినట్టుంది."

మళ్లీ బ్రేకు తొక్కి పట్టుకోమని మద్దిలేటికి చెప్పాడు. పొడుగాటి లావు వైరు ఒకటి తీసుకుని, ఒక కొన బ్యాటరీ మైనస్‌కు పెట్టి, రెండో కొన హెడ్లైటు ఇనుప గిన్నెకు ఆనించాడు. బ్రేకు తొక్కే ఉంది, అయినా లైట్లు భగ్గున లేచాయి. కరెంటు బ్యాటరీ నుంచి వైర్లలో వస్తుంది. తిరిగి పోవడానికి లారీల్లో వేరే వైరుండదు, చాసీ ఇనుమే దాని దారి. దాన్నే ఎర్తు అంటారు. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, ఇంజనుకూ చాసీకీ మధ్య రాగి తీగలతో అల్లిన ఒక పట్టీ బోల్టులతో బిగించి ఉంటుంది. బ్యాటరీ మైనస్ ఇంజనుకు కలిపి ఉంది. అందుకే ఇంజను మీదే ఉండే సెల్ఫుకు లోటు లేదు, లైట్లు మాత్రం ఆ పట్టీ మీదే బతకాలి. ఒక్క హెడ్లైట్లయితే ఎట్లాగో ఈడ్చుకొస్తాయి, బ్రేకు లైటు కూడా తోడైతే దారి చాలదు. ఈ కరెంటు దారి బొమ్మను నేను ఐటీఐలో పరీక్షకు గీసినవాణ్ణే.

ఇద్దరం లారీ కిందికి దూరాం. పట్టీ ఉంది, బోల్టు గట్టిగానే ఉంది. పెదనాయన బోల్టు విప్పి, పట్టీ కొనను పక్కకు జరిపి, చాకుతో గీశాడు. ఆకుపచ్చ రంగు లేచింది. దాని కింద ఎరుపు. దాని కింద వెండి రంగు. ఏటికి ఒక పొర. ఏటా ఎవరో ఆ పట్టీని విప్పి, దాని కింద ఇనుముకు కూడా నున్నగా రంగు వేసి, ఆరాక మళ్లీ బిగించారు. ఈ ఏడు బోల్టు మరలకు కూడా రంగు పట్టించారు, ఇన్నాళ్లూ ఆ మరల గుండా పోతున్న కాస్త కరెంటుకు ఆ దారీ మూసుకుపోయింది. పెయింటరు ఇట్లా వేయడు, పైపైన పూసి పోతాడు. బోల్టు విప్పి దాని కింద కూడా వేసేది ఆ లారీని ప్రేమించేవాడే. ఎవరు వేశారని పెదనాయన అడిగితే పై నుంచి మద్దిలేటి, "చాసీకి రంగా? ఓబులేసన్నే. దేవుని విగ్రహం మాదిరి చూసుకుంటాండె" అన్నాడు.

ఇనుము తెల్లగా మెరిసేదాకా రెండు వైపులా గీకి, పట్టీ బిగించాం. పావుగంట పని. మళ్లీ టార్పాలిన్ కింద దూరి బ్రేకు తొక్కించాం, హారను కొట్టించాం. లైట్లు కదల్లేదు. నేను చేతులు కడుక్కోవడానికి పోతుంటే పెదనాయన అడిగాడు. "ఇంతకు ముందు ఈ లారీ వచ్చిందంట. ఆ డ్రైవరుకేం చెప్పినావు?"

చెప్పాను, అంతా. తడికకు అవతల పెద్దమ్మ రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. బడి నుంచి ఎప్పుడొచ్చిందో నేను చూసుకోలేదు. పెదనాయన స్పానర్లు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో పెట్టాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాను. చివరికి, "శెట్టి ముందర అన్నావు గదా. శెట్టి ముందరే, ఆయప్ప ఉండంగానే వెనక్కి తీసుకోవల్ల. నేను వస్తా. చెప్పేది మాత్రం నువ్వే" అన్నాడు. మరుసటి రోజు పొద్దున పెద్దమ్మ ట్రంకు తీసి, ఆ చిల్లుల తెల్ల చొక్కా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నన్ను చూసి, "తిని పో" అని మాత్రం అంది.

మద్దిలేటి లారీ తోలుతుండగా బయల్దేరాం. శిరివెళ్లలో ఓబులేసన్న ఇల్లు కనుక్కుని పోతే, ఆయన వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాడు. అంగడికి పోవడం వారం రోజులకే మానేశాడట. ఆళ్లగడ్డ నుంచి తిరిగొచ్చే సరికి పొద్దు గూకుతుంది, బస్సు దిగి ఇంటిదాకా నడవాలంటే భయం. ఆ సంగతి చెప్పింది ఆయన భార్య నరసమ్మ. "నువ్వేనా ఆ పిల్లోడివి? నువ్వు చెప్పిన కాన్నుంచి, కండ్లకు మంచిదని పొన్నగంటాకు కూర తప్ప ఇంకోటి ముట్టలేదప్పా. మేక కార్జం తెచ్చి పెడితిమి. పొద్దు గూకితే నా చెయ్యి పట్టుకోనిదే దొడ్లోకి పోడు. ఇంతకు ముందు ఇట్ల లేదు. బాగుండె" అంది. తిట్టినట్టు అనలేదు, డాక్టరుకు చెప్పుకున్నట్టు చెప్పింది. పొయ్యి మీద ఆ కూరే ఉడుకుతోంది, ఆ పచ్చి వాసన ఇల్లంతా ఉంది. బాగున్న కళ్లు నా మాటతో నిజంగానే మసకబారాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఓబులేసన్న కంగారు పడి, "ఏందప్పా, ఏమయింది? మేస్త్రీ, ఏమయింది ఈ పిల్లోనికి?" అని నా భుజం పట్టుకున్నాడు.

"మాతో ఆళ్లగడ్డకు రా ఓబులేసూ. ఈడు చెప్తాడు" అన్నాడు పెదనాయన.

శెట్టి అంగట్లో జనం ఉన్నారు. లోపలికి పిలిస్తే బాగుండుననుకున్నాను, పెదనాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. చెప్పాను. లైట్లలోనే తప్పుందని, ఓబులేసన్న చెప్పింది చెప్పినట్టు నిజమని, ఆయన బ్రేకు తొక్కుతానంటే నేను చూడలేదని, ఆయన కళ్లకేమీ కాలేదని. మధ్యలో గుమాస్తా ఏదో అనబోతే పెదనాయన చెయ్యెత్తి ఆపాడు. అంతా అయ్యాక శెట్టి, "ఎట్లయింది మేస్త్రీ? లైట్లకేం తక్కువ చేయలేదే నేను" అన్నాడు.

పెదనాయన అబద్ధం ఆడే మనిషి కాదు. తప్పు ఓబులేసన్న వేసిన రంగుదేనని చెప్పేస్తాడేమోనని ఆయన మొహమే చూస్తున్నాను. "భక్తి ఎక్కువై అయింది శెట్టీ. ఎర్తు కింద కూడా రంగు పడింది. ఏటా కొత్త రంగు తెప్పిచ్చేది ఎవరు?"

"నేనే" అన్నాడు శెట్టి, తల గోక్కుంటూ. తర్వాత ఓబులేసన్న వైపు తిరిగాడు. "మరి ఈ మద్దిలేటిని ఏం చేద్దును?" అన్నాడు. మద్దిలేటి, "మా మామ ట్రాక్టరు ఉండాది శెట్టీ, నన్ను ఎప్పట్నుంచో పిలుస్తాండాడు" అని తాళం తీసి ఓబులేసన్న ముందు పెట్టాడు. పెదనాయన ఓబులేసన్నను లారీ కిందికి తీసుకుపోయి, గీకిన చోటు చూపించాడు. "రూపాయి బిళ్లంత చోటు. ఈడ మాత్రం రంగు పెట్టొద్దప్పా" అన్నాడు. ఓబులేసన్న ఆ చోటును వేలితో మళ్లీ మళ్లీ తడిమాడు. అది తన చేతి పనేనని ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నంద్యాలకు తోలాల్సిన బియ్యం ఉంటే ఎత్తించుకుని, పొద్దు వాలుతుండగా బయల్దేరాం. ఓబులేసన్న చెప్పులు విప్పి సీటు కింద పెట్టి స్టీరింగు పట్టుకున్నాడు. పెదనాయన మధ్యలో, నేను తలుపు పక్కన. కాస్త దూరం చాలా మెల్లగా తోలాడు. సందె పడింది. లైట్లు వేశాడు, రోడ్డు మీద వెలుగు నిలిచింది. కొంచెం కొంచెంగా వేగం పెరిగింది, ఏదో కూనిరాగం కూడా తీశాడు. అంతలో ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. లైట్లు చెక్కు చెదరలేదు. నాకు ముందు మట్టి రంగు రోడ్డు తప్ప ఏమీ కనపడలేదు. లారీ ఆగాక చూస్తే, లాంతరు లేకుండా, మేతకు ఎండిన చెనక్కాయ కట్టె వేసుకుని పోతున్న ఎద్దుల బండి, రోడ్డు రంగులోనే ఉంది. ఆయన నాకంటే ఎంతో ముందే చూశాడు. సంతోషంతో ఆయన వైపు తిరిగాను. ఆయన స్టీరింగు వదలకుండా, మొహమంతా చెమటతో నన్ను అడిగాడు. "ఆడ బండి ఉంది గదప్పా? ఉంది గదా?"

"ఉందన్నా. నాకే కనపడలేదు, నీకు కనపడింది" అన్నాను. పెదనాయన ఆయన తొడ మీద చెయ్యి వేశాడు. లారీ మళ్లీ కదిలింది.

ఇప్పటి బండ్లకు కంప్యూటరు తగిలిస్తే ఎక్కడ తప్పుందో అదే రాసి చూపిస్తుంది. మంచిదే, నాలాంటి పొగరుబోతులతో పనుండదు. డ్రైవరును కూర్చోబెట్టి టీ ఇచ్చేవాళ్లూ లేరు, దానికి వ్యవధి ఎవరికుంది? షెడ్డు నా చేతికొచ్చాక ఎన్నో ఏళ్లు ఆ బస్సు సీటును తీయలేదు నేను, ఎవరేం చెప్పినా విన్నాను. పెదనాయన బల్బుతోనే చూశాను, మీటరుతోనూ చూశాను, బల్బు పీకకుండా. ఆ లారీ ఇనుము కింద అమ్ముడుపోయేదాకా ఓబులేసన్నే తోలాడు. ఏ గుంతలోనూ పడలేదు, దేన్నీ గుద్దలేదు. నంద్యాలకు వచ్చినప్పుడల్లా షెడ్డు దగ్గర ఆగి, నన్ను కొడుకులాగే పలకరించేవాడు. ఆయనతో పోయిన క్లీనర్లు ఎందరో నాకు తెలుసు, వాళ్లను అడుగుతూనే ఉండేవాణ్ణి. అందరూ ఒకటే చెప్పేవాళ్లు. అన్నకు చూపు భలే అన్నా, మాకంటే ముందే చూస్తాడు. కానీ సందె పడితే ప్రతిసారీ, చూసినాక మమ్మల్ని అడుగుతాడు, ఉంది గదా అని.